ఎడమ గీత వెంట పది క్లబ్బులు

2007 నవంబరు 6 రాత్రి లివర్‌పూల్‌లోని ఆన్‌ఫీల్డ్ మైదానంలో ఇస్తాంబుల్ జట్టు బెషిక్‌తాష్ 8–0తో ఓడిపోయింది. ఛాంపియన్స్ లీగ్‌లో అప్పటికి అంత తేడాతో ఎవరూ ఓడలేదు. ఆ ఎనిమిది గోల్స్‌లో రెండు ఇరవై ఏళ్ళ డచ్ కుర్రాడివి. సబ్‌స్టిట్యూట్‌గా దిగి, ఆఖరి పావుగంటలో వెంటవెంటనే రెండు కొట్టాడు. పేరు రయాన్ బాబెల్. పదేళ్ళు తిరక్కుండానే, 2017 జనవరిలో, అతను అదే బెషిక్‌తాష్ నలుపు తెలుపు చొక్కా తొడుక్కున్నాడు. ఆ పరాభవాన్ని ఇంకా మరిచిపోని అభిమానులే అతని పేరు పెట్టి కేకలు వేశారు.

ఆ 2007 మ్యాచ్ నేను హైదరాబాదులో ఎస్సార్ నగర్ హాస్టల్ గదిలో, అర్ధరాత్రి దాటాక టీవీలో చూశాను. అప్పట్నుంచి బాబెల్ ఏ ఊరు వెళితే ఆ ఊరి స్కోర్లు చూడడం నాకు అలవాటైంది. ఉద్యోగరీత్యా ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్ పక్కనే ఉన్న ఆమ్‌స్టెల్‌వేన్‌లో ఉంటున్నాను. ఇక్కడ తెలుగువాళ్ళం చాలామందిమే ఉన్నాం. మా అబ్బాయి ఊళ్ళోని చిన్న క్లబ్బులో ఎడమ వింగ్‌లో ఆడతాడు. శనివారం పొద్దున్నే మైదానం అంచున కాఫీ కప్పుతో నిలబడే డచ్ తండ్రుల మధ్య బాబెల్ పేరెత్తితే వినబడే మాట ఒకటే: "అంత ప్రతిభ ఉండి ఏం లాభం, చేజార్చుకున్నాడు." నాకీ మాట మింగుడుపడదు. పదహారేళ్ళ వయసులోనో పద్దెనిమిదేళ్ళ వయసులోనో ఒక కుర్రాడి నెత్తిన మనం పెట్టిన అంచనా ఒకటి ఉంటుంది. అతను దాన్ని అందుకోకపోతే వాడి జీవితమంతా లోటు కింద లెక్కగడతాం. బాబెల్ ఆట జీవితాన్ని చివరిదాకా చూసినవాడిగా ఆ లెక్క తప్పని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు వింగర్ అంటే ఎవరో చెప్పాలి, ఫుట్‌బాల్ ప్రపంచకప్పులో తప్ప చూడని పాఠకుల కోసం. మైదానానికి రెండు పక్కలా పొడవాటి గీతలుంటాయి. ఆ గీతను ఆనుకుని, పొలం గట్టు మీద నడిచేవాడిలా, ఒక పక్కకే కట్టుబడి ముందుకూ వెనక్కూ పరిగెత్తేవాడు వింగర్. నడిమధ్యలో ఆటగాళ్ళ రద్దీ ఎక్కువ. బయటి అంచున చోటు ఉంటుంది. అక్కడ బంతి అందుకుని, ఎదురుగా ఆ పక్క రక్షణ చూసే ఫుల్‌బ్యాక్‌ను ఒంటరిగా ఎదుర్కొని, దాటి, లోపలికి బంతి వేయడం పాతకాలపు వింగర్ పని. ఎడమ పక్కన ఎడమకాలి వాటం వాడే ఆడేవాడు. తర్వాత పద్ధతి మారింది. కుడికాలి వాటం వాణ్ణి కావాలనే ఎడమ పక్కన పెట్టడం మొదలైంది. వాడు గీత వెంట పోకుండా లోపలికి తిరుగుతాడు, తిరగ్గానే గోల్ వాడి కుడికాలికి ఎదురుగా ఉంటుంది. బాబెల్ ఈ రెండో రకం.

నెదర్లాండ్స్‌లో వింగర్‌కు ఉన్నంత గౌరవం మరెక్కడా చూడలేదు. రైనస్ మిఖెల్స్, యోహాన్ క్రైఫ్ రూపు దిద్దిన ఆటలో ముందువరస ముగ్గురిలో ఇద్దరు గీతను పట్టుకునే ఉండాలి. మైదానం ఎంత వెడల్పు చేస్తే ఎదుటి జట్టు అంత పల్చబడుతుందన్నది వాళ్ళ నమ్మకం. మా అబ్బాయి కోచ్ జీతం పుచ్చుకోని స్వచ్ఛంద కార్యకర్త. పదమూడేళ్ళ పిల్లలకు కూడా ఆయన అరిచి చెప్పేది అదే: "బయటికి, ఇంకా బయటికి!" పీట్ కైజర్, రాబ్ రెన్సెన్‌బ్రింక్, మార్క్ ఓవర్‌మార్స్, ఆర్యెన్ రాబెన్. ఈ పేర్లు ఇక్కడ తాతలూ మనవలూ ఒకే గొంతుతో పలుకుతారు. ఈ వరసలో తర్వాతి పేరు బాబెల్‌ది అవుతుందని దేశమంతా ఎదురుచూసింది.

బాబెల్ 1986 డిసెంబరు 19న ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టాడు. కుటుంబ మూలాలు సురినామ్‌లో. దక్షిణ అమెరికాలోని సురినామ్ 1975 దాకా డచ్ వలస. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో అక్కడి జనం వేలకు వేలు నెదర్లాండ్స్‌కు తరలివచ్చారు. సురినామ్ మూలాలున్న కుటుంబాలే డచ్ ఫుట్‌బాల్‌కు గుల్లిట్‌ను, రైకార్డ్‌ను, సేడోర్ఫ్‌ను, డేవిడ్స్‌ను ఇచ్చాయి. బాబెల్ మొదట ఆడింది ఆమ్‌స్టర్‌డామ్‌ను ఆనుకుని ఉన్న డీమెన్ అనే ఊరి క్లబ్బులో. ఆమ్‌స్టర్‌డామ్ పెద్ద క్లబ్బు అయాక్స్ శిక్షణశాల ఎంపికలకు వెళ్ళి తొలిసారి ఉత్తచేతులతో తిరిగొచ్చాడు. మరుసటి ఏడు మళ్ళీ వెళ్ళి చోటు సంపాదించాడు. 2004 ఫిబ్రవరి 1న ఏడీఓ డెన్ హాగ్ మీద అయాక్స్ పెద్దల జట్టు తరఫున తొలి మ్యాచ్ ఆడాడు. అప్పటికి వయసు పదిహేడు.

ఏడాది తిరిగేసరికి జాతీయ జట్టు. 2005 మార్చి 26న బుకారెస్ట్‌లో రుమేనియాతో ప్రపంచకప్ అర్హత మ్యాచ్. రాబెన్ గాయపడ్డాడు. అతని బదులు బాబెల్ దిగాడు. దిగిన తొలి మ్యాచ్‌లోనే గోల్ కొట్టాడు. అప్పటి కోచ్ మార్కో వాన్ బాస్టెన్ తన కాలంలో యూరప్ మొత్తానికే గొప్ప స్ట్రైకర్. అంతటివాడు ఈ కుర్రాడిలో మరో తియెరీ ఆన్రీ అయ్యే సత్తా ఉందన్నాడు. ఆ ఒక్క పోలిక తర్వాత పదిహేనేళ్ళు బాబెల్ వెంటపడింది. ఆన్రీ అప్పట్లో ప్రపంచంలో అందరికన్నా భయపెట్టే ఫార్వర్డ్. పద్దెనిమిదేళ్ళవాడికి అంత బరువు ఎత్తి ఎందుకు పెట్టాలో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

2007 వేసవిలో నెదర్లాండ్స్‌లోనే అండర్-21 యూరోపియన్ పోటీలు జరిగాయి. ఫైనల్లో సెర్బియాను డచ్ కుర్రాళ్ళు 4–1తో ఓడించారు. అందులో బాబెల్ గోల్ ఒకటి. కొద్దివారాల్లోనే లివర్‌పూల్ 1 కోటి 15 లక్షల పౌండ్లు అయాక్స్‌కు కట్టి అతన్ని తీసుకుపోయింది.

లివర్‌పూల్ రోజుల గురించి మాట్లాడేవాళ్ళు రెండు రాత్రులను మరిచిపోతారు. ఒకటి 2008 ఏప్రిల్ 8. ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్ రెండో మ్యాచ్, ఎదురుగా ఆర్సెనల్. తొలి మ్యాచ్ 1–1. ఆన్‌ఫీల్డ్‌లో ఇక ఆరు నిమిషాలుందనగా ఆర్సెనల్ కుర్రాడు థియో వాల్కాట్ తన సగం నుంచి బంతితో పరుగందుకుని మైదానమంతా ఈదుకుంటూ వచ్చి అందిస్తే అడెబయోర్ గోల్ వేశాడు. స్కోరు 2–2. బయటి మైదానంలో కొట్టిన గోల్స్‌కు విలువ ఎక్కువన్న అప్పటి నిబంధన ప్రకారం ఆ క్షణానికి లివర్‌పూల్ ఇంటిదారి పట్టినట్టే. మరుక్షణమే బాబెల్ పెనాల్టీ ప్రాంతంలోకి దూసుకెళ్ళాడు. ఆర్సెనల్ ఆటగాడు కోలో టూరే అతన్ని పడేశాడు. పెనాల్టీని లివర్‌పూల్ ఆటగాడు గెరార్డ్ గోల్ చేశాడు. అదనపు నిమిషాల్లో ఎదుటి జట్టు మొత్తం ముందుకొచ్చేసి వెనక ఖాళీ వదిలిన వేళ బాబెల్ ఒక్కడే బంతితో పరిగెత్తి నాలుగో గోల్ కొట్టాడు. సబ్‌స్టిట్యూట్‌గా దిగిన ఇరవై ఒక్కేళ్ళవాడు అంత పెద్ద పోటీని చివరి ఐదారు నిమిషాల్లో తిప్పేశాడు.

రెండోది 2008 సెప్టెంబరు 13. మాంచెస్టర్ యునైటెడ్ మీద ఆన్‌ఫీల్డ్‌లో మళ్ళీ సబ్‌స్టిట్యూట్‌గా వచ్చి గెలుపు గోల్ కొట్టాడు. రఫా బెనీటెజ్ లివర్‌పూల్ కోచ్‌గా వచ్చాక లీగ్‌లో యునైటెడ్‌ను ఓడించడం అదే మొదలు.

రెండుసార్లూ సబ్‌స్టిట్యూటే. చిక్కంతా అక్కడే ఉంది. బెనీటెజ్ ఒక పద్ధతి ప్రకారం ఆలోచించే కోచ్. వింగర్ ముందుకెంత పరిగెత్తాడన్నదాని కన్నా బంతి పోగానే వెనక్కెంత పరిగెత్తాడన్నది చూస్తాడు. ఆ పని డర్క్ కౌట్ తెగ చేసేవాడు. అతనూ డచ్‌వాడే, రెండో పక్క ఆడేవాడు. బాబెల్‌కు అప్పటికది రాలేదు. వారం ఆడడం, రెండు వారాలు బెంచీ మీద కూర్చోవడం. ఏ వయసు ఆటగాడికైనా ఇది కష్టమే. ఇరవై రెండేళ్ళవాడికైతే కాళ్ళలోని లయే పోతుంది. మూడున్నరేళ్ళలో దాదాపు నూట యాభై మ్యాచ్‌లకు మైదానంలో దిగాడు, ఇరవై పైచిలుకు గోల్స్ కొట్టాడు. పనికిరానివాడి అంకెలు కావవి. ఆన్రీ అంకెలూ కావు. 2008 యూరో కప్ చీలమండ గాయంతో పోయింది. 2010 ప్రపంచకప్‌లో నెదర్లాండ్స్ ఫైనల్ దాకా వెళ్ళింది. జట్టులో అతనున్నాడు, మైదానంలో ఒక్క నిమిషం కూడా లేడు.

2011 జనవరిలో మాంచెస్టర్ యునైటెడ్‌తో ఎఫ్‌ఏ కప్ మ్యాచ్ ఓడాక రెఫరీ హవర్డ్ వెబ్‌కు యునైటెడ్ చొక్కా తొడిగినట్టు మార్చిన ఫోటో ఒకటి ట్విటర్‌లో పెట్టాడు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం 10,000 పౌండ్ల జరిమానా వేసింది. ట్వీటు కారణంగా ఆ సంఘం చర్య తీసుకున్న మొదటి ఆటగాడు అతనే. అదే నెలలో లివర్‌పూల్ వదిలి జర్మనీ వెళ్ళిపోయాడు.

జర్మనీలో చేరిన క్లబ్బు హోఫెన్‌హైమ్. దీని గురించి తెలుగు పాఠకులకు చెప్పి తీరాలి. హోఫెన్‌హైమ్ ఒక పల్లె. జనాభా కొన్ని వేలు, అంతే. ఆ ఊరి క్లబ్బును కింది లీగ్‌ల నుంచి డబ్బు పోసి పైకి తెచ్చి 2008 నాటికి జర్మనీలో అగ్రశ్రేణి బుండెస్‌లీగాకు చేర్చిన మనిషి డీట్‌మార్ హోప్, కుర్రతనంలో ఆ క్లబ్బుకే ఆడినవాడు. ఆయన శాప్ సాఫ్ట్‌వేర్ కంపెనీ స్థాపకుల్లో ఒకరు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో బోర్డుల మీద కనబడే ఆ శాప్ ఇదే. మా తరంలో ఎంతమందికి అన్నం పెట్టిందో లెక్కలేదు, నాకూ పెట్టింది. బాబెల్ అక్కడ చేరిన నెలలోనే బ్రెజిల్ నుంచి రోబెర్తో ఫిర్మినో అనే పందొమ్మిదేళ్ళ కుర్రాడు కూడా వచ్చాడు. తర్వాత ఫిర్మినో లివర్‌పూల్‌కు వెళ్ళి ఛాంపియన్స్ లీగ్ గెలిచాడు. లివర్‌పూల్ నుంచి వచ్చినవాడూ, లివర్‌పూల్‌కు వెళ్ళబోయేవాడూ ఒకే పల్లె జట్టులో ఏడాదిన్నర కలిసి ఆడారు.

2012 ఆగస్టులో హోఫెన్‌హైమ్‌తో ఒప్పందం మధ్యలోనే రద్దయింది. జీతం బాగా తగ్గించుకుని ఒక్క ఏడాదికి అయాక్స్‌కు తిరిగొచ్చాడు. ఆ ఏడు అయాక్స్ లీగ్ గెలిచింది. ఇరవై అయిదేళ్ళకే పుట్టింటికి చేరాడని పత్రికలు జాలిపడ్డాయి. నాకు మాత్రం ఆ ఒక్క ఏడాది ఒప్పందంలోనే అతని రెండో జీవితం మొదలైనట్టు కనబడుతుంది.

ఎందుకో చెప్పాలంటే ఆటగాళ్ళు క్లబ్బులు మారే తీరు కొంచెం వివరించాలి. ఆటగాడికి క్లబ్బుతో ఏళ్ళ లెక్కన ఒప్పందం ఉంటుంది. ఒప్పందం నడుస్తుండగా ఇంకో క్లబ్బుకు కావాలంటే పాత క్లబ్బుకు డబ్బు కట్టాలి. పత్రికల్లో చదివే కోట్ల పౌండ్లు అవే. అందులో ఆటగాడి మాట కొంతే చెల్లుతుంది. ఒప్పందం ముగిస్తే మాత్రం అతను స్వేచ్ఛాజీవి. ఈ స్వేచ్ఛ కూడా 1995లో జాన్-మార్క్ బోస్మాన్ అనే బెల్జియం ఆటగాడు యూరప్ న్యాయస్థానం దాకా వెళ్ళి పోరాడితే వచ్చింది. అంతకుముందు ఒప్పందం అయిపోయినా పాత క్లబ్బు సొమ్ము అడగగలిగేది. ఆ కేసు బోస్మాన్ ఆట జీవితాన్ని నాశనం చేసింది, తర్వాతివాళ్ళందరికీ దారి తెరిచింది. ఇరవైల్లో బాబెల్‌కు ధర ఎంతో క్లబ్బులు తేల్చాయి. ఆ తర్వాత ఎక్కడ, ఎన్నాళ్ళు అన్నది చాలావరకు తనే తేల్చుకున్నాడు. చిన్న చిన్న ఒప్పందాలు, వారం వారం ఆడించే క్లబ్బులు. పెద్ద పేరున్న చోట బెంచీ మీద కూర్చోవడం కన్నా చిన్న చోట తొంభై నిమిషాలు పరిగెత్తడం మేలని అతను ఎంచుకున్నాడు.

2013లో ఇస్తాంబుల్ చేరాడు, కాసింపాషా క్లబ్బుకు. గోల్డెన్ హార్న్ సముద్రపాయ పక్కన కార్మికులుండే పాతబస్తీ అది. తుర్కీ అధ్యక్షుడు ఎర్దోగాన్ పెరిగింది అక్కడే, స్టేడియానికి ఆయన పేరే ఉంది. ఇస్తాంబుల్‌లో మూడు మహా క్లబ్బులున్నాయి: గలాతసరాయ్, ఫెనర్‌బాచే, బెషిక్‌తాష్. కాసింపాషా వాటి నీడలో బతికే క్లబ్బు. అక్కడ బాబెల్ రెండేళ్ళు దాదాపు ప్రతి వారం ఆడాడు, అవసరమైతే వింగ్ వదిలి నడిమధ్య స్ట్రైకర్‌గా కూడా. 2015లో ఎమిరేట్స్‌లోని అల్ ఐన్‌కు వెళ్ళాడు. అక్కడి కోచ్ జ్లాట్కో దాలిచ్. మూడేళ్ళ తర్వాత క్రొయేషియాను ప్రపంచకప్ ఫైనల్‌కు తీసుకెళ్ళినవాడు.

అల్ ఐన్ ఒప్పందం ముగిశాక 2016 వేసవి గడ్డుది. క్లబ్బు లేదు. బదిలీల గడువు ఆగస్టు చివరతో ముగిసిపోయింది. వయసు ముప్పైకి దగ్గర. ఈ దశలో చాలామంది ఆట మానేస్తారు. సెప్టెంబరులో స్పెయిన్ వాయవ్య మూలన అట్లాంటిక్ ఒడ్డునున్న దెపోర్తివో లా కొరూన్యా నుంచి కబురొచ్చింది, జనవరి వరకు మాత్రమే. ఏ క్లబ్బూ లేనివాణ్ణి గడువు దాటాక కూడా చేర్చుకోవచ్చు, ఆ వెసులుబాటు పనికొచ్చింది. మూణ్ణాలుగు నెలల పనికి సరేనని వెళ్ళడంలో ఉన్న ధైర్యం నాకు చాలా ఇష్టం. ఒకప్పుడు కోటి పౌండ్లు దాటి పలికినవాడు, రోజుకూలీ లాంటి ఒప్పందానికి తలూపి బార్సిలోనా, రియల్ మాడ్రిడ్ ఉన్న లీగ్‌లో తన కాళ్ళు ఇంకా పనిచేస్తున్నాయని చూపించాడు. అది చూసే బెషిక్‌తాష్ పిలిచింది.

బెషిక్‌తాష్ కోచ్ షెనోల్ గ్యునేష్, 2002లో తుర్కీని ప్రపంచకప్‌లో మూడో స్థానానికి చేర్చిన పెద్దమనిషి. కుడి పక్కన పోర్చుగీసు మాంత్రికుడు రికార్దో క్వరేస్మా, ఎడమ పక్కన బాబెల్. క్వరేస్మా కాలి వెలుపలి అంచుతో బంతిని వంచే విద్యకు జనం గంటల తరబడి నిలబడి చూసేవాళ్ళు. బాబెల్ ఆటలో అప్పటికి చూడ్డానికి ఆకర్షణ తక్కువ. బంతి పోగానే ఫుల్‌బ్యాక్‌కు తోడుగా వెనక్కి పరిగెత్తేవాడు. గాల్లో వచ్చే బంతులకు ఎగిరేవాడు. రెండు గోల్ స్తంభాల మధ్యకు ఎప్పుడు చొరబడాలో కచ్చితంగా తెలిసేది. లివర్‌పూల్‌లో బెనీటెజ్ అడిగి విసిగిపోయిన పనే ఇక్కడ ఎవరూ అడక్కుండా చేస్తున్నాడు.

2017 మేలో బెషిక్‌తాష్ లీగ్ గెలిచింది, క్లబ్బు లెక్కలో పదిహేనో కిరీటం. తుర్కీలో ప్రతి అయిదు కిరీటాలకు చొక్కా మీద ఒక నక్షత్రం కుడతారు. మూడో నక్షత్రం వచ్చిన జట్టులో బాబెల్ ఉన్నాడు. ఆ సీజన్‌లోనే యూరోపా లీగ్ క్వార్టర్ ఫైనల్లో లియాన్ మైదానంలో తొలి గోల్ అతనే కొట్టాడు. 2009లో లివర్‌పూల్ తరఫున కూడా లియాన్ మీద ఆ ఊళ్ళోనే గోల్ కొట్టి ఉన్నాడు. ఈసారి రెండో మ్యాచ్ తర్వాత పెనాల్టీలలో బెషిక్‌తాష్ ఓడింది. ఆ తర్వాతి సీజన్ ఛాంపియన్స్ లీగ్‌లో పోర్తో, లైప్‌జిగ్, మొనాకో ఉన్న గ్రూపులో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా మొదటి స్థానంలో నిలిచింది. ఇస్తాంబుల్‌లో లైప్‌జిగ్ మీద 2–0 గెలుపులో తొలి గోల్ బాబెల్‌ది. పదేళ్ళ కింద ఆన్‌ఫీల్డ్‌లో తలవంచుకుని వెళ్ళిన క్లబ్బుకు ఇది ఎంతటి రాత్రో ఊహించండి.

తర్వాతవి వేగంగా చెబుతాను. 2019 జనవరిలో లండన్‌లోని ఫుల్‌హామ్‌కు వెళ్ళాడు, ఆ జట్టు మునుగుతోంది. మార్చిలో లివర్‌పూల్ మీదే గోల్ కొట్టాడు, అయినా మ్యాచ్ 1–2తో పోయింది, ఫుల్‌హామ్ కింది లీగ్‌కు జారింది. వేసవిలో గలాతసరాయ్. 2020 జనవరిలో అరువు మీద ముచ్చటగా మూడోసారి అయాక్స్, ఆ సీజన్‌ను కోవిడ్ మింగేసింది. మళ్ళీ గలాతసరాయ్. 2021 మే నాటి తుర్కీ లీగ్ ముగింపు చూసినవాళ్ళెవరూ మరవరు. గలాతసరాయ్, బెషిక్‌తాష్ రెండూ 84 పాయింట్లతో ముగించాయి. ఒకే ఒక్క గోల్ తేడాతో కిరీటం బెషిక్‌తాష్‌కు పోయింది. సీజన్ మొత్తంలో ఏ ఒక్క అవకాశం చేజారకున్నా లెక్క మారేది. ఆఖరి మజిలీ కూడా ఇస్తాంబులే. ఎయుప్ పేటలోని ఎయుప్‌స్పోర్, అప్పటికి రెండో శ్రేణి జట్టు. ఆరు దేశాలు, పది క్లబ్బులు, వాటిలో నాలుగు ఒకే నగరంలో. ఈ మధ్యలోనే ర్యాప్ పాటలు రాసి, పాడి, ఆల్బమ్ కూడా తెచ్చాడు.

నేను ఎక్కువ చెప్పదలచుకున్నది జాతీయ జట్టు గురించి. 2011 తర్వాత అతన్ని పిలవడం మానేశారు. ఆరేళ్ళు. ఈలోగా డచ్ ఫుట్‌బాల్ కుప్పకూలింది. 2016 యూరోకు అర్హత రాలేదు. 2018 ప్రపంచకప్ కూడా చేజారుతోంది. 2017 అక్టోబరులో కోచ్ డిక్ అడ్వకాట్ బాబెల్‌ను పిలిచాడు. అర్హత ఆశ అంతంతమాత్రంగా మిగిలిన ఆఖరి మ్యాచ్‌లో స్వీడన్ మీద రాబెన్ రెండు గోల్స్ కొట్టాడు, అయినా ఆ తేడా చాలలేదు. రాబెన్ ఆ రాత్రే జాతీయ జట్టుకు వీడ్కోలు చెప్పాడు. ఎవరి బదులైతే బాబెల్ తొలిసారి ఆరెంజ్ చొక్కాలో దిగాడో ఆ రాబెన్ వెళ్ళిపోయే వేళకు బాబెల్ తిరిగొచ్చాడు.

2018 ఫిబ్రవరిలో కొత్త కోచ్‌గా వచ్చిన రొనాల్డ్ కూమన్ ముప్పై దాటిన ఈ వింగర్‌ను పక్కన పెడతాడని అందరూ అనుకున్నారు. ఆయన పెట్టలేదు. ముందువరసలో నడుమ మెంఫిస్ డిపాయ్, కుడి పక్కన కుర్రాడు స్టెవెన్ బెర్గ్‌వైన్, ఎడమ పక్కన బాబెల్. ఎడమ ఫుల్‌బ్యాక్ డేలీ బ్లిండ్ తెలివైనవాడు కానీ పరుగులో నెమ్మది. ఆ లోటు పూడ్చే బాధ్యత బాబెల్‌ది. 2018 సెప్టెంబరులో పారిస్‌లో ప్రపంచ విజేత ఫ్రాన్స్ మీద గోల్ కొట్టాడు, మ్యాచ్ 2–1తో ఫ్రాన్స్‌ది. 2019 జూన్‌లో పోర్చుగల్‌లో నేషన్స్ లీగ్ సెమీఫైనల్లో ఇంగ్లండ్‌ను 3–1తో ఓడించి, ఫైనల్లో పోర్చుగల్ చేతిలో 1–0తో ఓడారు. ఆ సెప్టెంబరులో ఎస్తోనియాలోని టాలిన్‌లో రెండు గోల్స్ కొట్టాడు. కోవిడ్‌తో యూరో ఏడాది వాయిదా పడింది. అది జరిగేనాటికి అతనికి 34, జట్టులో చోటు దక్కలేదు. మొత్తం 69 మ్యాచ్‌లు, 10 గోల్స్.

పది గోల్స్ తక్కువే కదా అంటారు మైదానం అంచున నిలబడే ఆ తండ్రులు. వాళ్ళకు నేను రెండు గోల్స్ గుర్తుచేస్తాను, రెండూ అతని ఖాతాలో లేనివే. 2018 అక్టోబరు 13, ఆమ్‌స్టర్‌డామ్, ఎదురుగా జర్మనీ. కార్నర్ నుంచి వచ్చిన బంతిని బాబెల్ తలతో కొట్టాడు, అది అడ్డకమ్మీకి తగిలి తిరిగొచ్చింది, సహచరుడు వాన్ డైక్ దాన్ని లోపలికి నెట్టాడు. నెదర్లాండ్స్ 3–0తో గెలిచింది. అయిదు వారాల తర్వాత, నవంబరు 16న, రాటర్‌డామ్‌లో ఫ్రాన్స్. సగం ఆట ముగియబోతుండగా బాబెల్ కొట్టిన షాట్‌ను గోల్‌కీపర్ లోరిస్ ఆపాడు. బంతి పక్కకు జారింది. మరో సహచరుడు వైనాల్డమ్ వచ్చి గోల్ చేశాడు. ప్రపంచ విజేత 2–0తో ఓడింది. రెండు పెద్ద కప్పులకు దూరమైన దేశం ఆ రెండు రాత్రుల్లోనే మళ్ళీ తలెత్తుకుంది. స్కోరు పట్టికల్లో వాన్ డైక్ పేరూ వైనాల్డమ్ పేరూ ఉంటాయి. ఆ మ్యాచ్‌ల దృశ్యాలు దొరికితే గోల్ పడ్డ చోటి నుంచి కాక, దానికి కాస్త ముందు నుంచి చూడండి.